ఆకాశంలో బాల్కనీ టిక్కెట్టు

సినిమాల్లో విమాన ప్రయాణం ఎంత సుఖమో గమనించారా? కథానాయకుడు సూటు తొడుక్కుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని మెట్లెక్కుతాడు. మరుక్షణం విమానం గాల్లోకి లేస్తుంది. ఆ మరుక్షణం దిగిపోతుంది! పాత చిత్రాల్లో అయితే లేచేది ఒక కంపెనీ విమానం, దిగేది ఇంకో కంపెనీ విమానం. దొరికిన షాటు ఏదో అది అతికించేసేవారు. లేవడానికీ దిగడానికీ మధ్య ఉండే పదహారు గంటల సంగతి మాత్రం ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే హాల్లో ఒక్కడుంటే ఒట్టు! ఆ పదహారు గంటల సంగతే ఈ వారం మన కబుర్లు.

ఎందుకంటారా? ఉత్తరాల సంచిలో బనగానపల్లె నుంచి ఒక ఉత్తరం ఉంది. ఆ ఊరు తెలీదనకండి. ‘అరుంధతి’ (2009) చిత్రంలో మీరు జడుసుకుంటూ చూసిన కోట, ఆ ఊరి నవాబుగారి బంగళాయే. వేసవిలో మీరు జుర్రుకునే బంగినపల్లి మామిడి పేరూ ఆ ఊరిదే. అక్కడ డిగ్రీ చదువుకుంటున్న ఒక తమ్ముడు రాశాడు.

“అన్న డల్లాసులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మానాయనల్ని మనవరాలి పుట్టినరోజుకు రమ్మన్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, షుగరు. నాయన గట్టివాడే. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. అన్న దగ్గరున్న డబ్బుకు ఒక్కరికే బిజినెస్ క్లాసు వస్తుందట. అమ్మను ముందు పడుకోబెట్టి, నాయనను వెనక కూర్చోబెడదామంటాడు. అమ్మేమో ‘యాల నాయనా అంత దుడ్డు? పండుకోడానికి ఇంట్లో మంచం లేదా ఏమి?’ అంటోంది. సినిమావాళ్లంతా అందులోనే పోతారు కదా, మీకు తెలిసే ఉంటుంది. అంత డబ్బు పెట్టొచ్చా?”

భలే ప్రశ్న తమ్ముడూ! ఏ తార ఏ తారను పెళ్లాడుతుందన్న ప్రశ్నలకు జవాబు రాసీ రాసీ విసుగెత్తిన ప్రాణానికి ఇలాంటి ఉత్తరం పానకంలాంటిది. అందుకే పేజీ అంతా నీకే ఇచ్చేస్తున్నాను. మిగతావాళ్లు అలగకండి. ఇవాళ ఆ తమ్ముడి ఇంట్లో వచ్చిన పేచీ, రేపు మీ ఇంట్లోనూ రావచ్చు.

ముందు క్లాసుల సంగతి చూద్దాం. సినిమా హాల్లో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని ఉండేవి, మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. హాల్లో తెరకు దగ్గరున్నవాడిది చవక టిక్కెట్టు, వెనక కూర్చున్నవాడిది ఖరీదు టిక్కెట్టు. విమానంలో ఇదంతా తిరగబడుతుంది. ముక్కు దగ్గర కూర్చున్నవాడిది బాల్కనీ, తోక దగ్గర కూర్చున్నవాడిది నేల! మధ్యలో ఒక గుడ్డ తెర. హాల్లో బొమ్మను హిట్టు చేసేది నేల జనం ఈలలు. విమానంలో మాత్రం ముందున్న ఆ కొద్ది సీట్లే కంపెనీ గల్లాపెట్టెకు పెద్ద వాటా తెస్తాయి. అందుకే అక్కడ ఆ మర్యాదలు, ఆ గుడ్డ రుమాళ్లు, ఆ పింగాణీ పళ్లేలు.

ఇదేమీ అనాదిగా వస్తున్న ఆచారం కాదు. 1970లో బోయింగ్ 747 జంబో జెట్లు వచ్చాక విమానాల్లో సీట్లు పెరిగాయి, చవక టిక్కెట్లూ పెరిగాయి. పూర్తి ధర కట్టి వ్యాపారం పనిమీద తిరిగే ఆసామికి ఒళ్లు మండింది. సగం ధరకు వచ్చినవాడి పక్కన నేనెందుకు కూర్చోవాలన్నాడు. 1970ల చివర ఒక్కో కంపెనీ అతనికోసం తెర కట్టడం మొదలుపెట్టింది. 1979లో ఆస్ట్రేలియావారి క్వాంటాస్ బిజినెస్ క్లాసు అనే పేరు పెట్టింది. అప్పట్లో అది కాస్త పెద్ద కుర్చీ, అంతే. ఆ కుర్చీ పూర్తిగా చాపుకుని మంచంలా మారింది 2000లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాల్లో. అంటే మనం ఇంతగా మాట్లాడుకునే ఈ పడక వైభవం వయసు పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. బిజినెస్ క్లాసు పేరే పుట్టని 1974లో అక్కినేని గుండె ఆపరేషను కోసం అమెరికా వెళ్లి వచ్చి, మళ్లీ ముఖానికి రంగు వేసుకున్నారు!

ఆ పేరులోనే ఒక కిటుకుంది, గమనించు. బిజినెస్ క్లాసంటే టిక్కెట్టు డబ్బు బిజినెస్ కడుతుందని అర్థం. ముందు సీట్లలో కాళ్లు చాపుకున్నవాళ్లలో చాలామంది తమ జేబు తాము తడుముకున్నవాళ్లు కారు. ఉద్యోగికి కంపెనీ కొంటుంది, తారకు నిర్మాత కొంటాడు. ఆ బరువు నిర్మాతకు తెలుసు. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపేసి ఖర్చుల లెక్కలు తిరగేసినప్పుడు, తారల వెంట వచ్చే సిబ్బంది ఖర్చులూ ఆ లెక్కల్లోకి వచ్చాయి. కాబట్టి పత్రికల్లో తార విమానాశ్రయం ఫోటో చూసి, మన ఇంటి జీతంతో పోల్చుకోవడం తూకం తప్పిన పని.

మరి ఆ డబ్బుకు ఏం వస్తుంది? ముందుగా చేరతామా అంటే, లేదు. ముక్కు దగ్గరున్నవాడూ, తోక దగ్గరున్నవాడూ ఒకే క్షణాన నేలమీద వాలతారు. భోజనమా? ఎంత మంచిదైనా అది వేడిచేసిన భోజనమే, మీ అమ్మ చేతి ఉగ్గాని ముందు దిగదుడుపే. ఆ డబ్బు ఒక్కదానికే, నడుం వాల్చడానికి. వెనక క్లాసులో ఒక వరసకూ ముందు వరసకూ మధ్య 31, 32 అంగుళాల ఎడం ఉంటుంది. చాలా కంపెనీల బోయింగ్ 777లో అడ్డంగా ఒక వరసకు 10 మంది. ముందు భాగంలో అదే వెడల్పులో నలుగురు, ఒక్కొక్కరికి ఆరడుగులు దాటిన పడక. దుబాయి నుంచి డల్లాసుకు విమానం దిగకుండా వెళితే సుమారు పదహారు గంటలు. పాతికేళ్లవాడికి ఆ పదహారు గంటలు నాలుగు సినిమాలు, రెండు కునుకులు. అరవై దాటిన మోకాళ్లకు మాత్రం సంక్రాంతి రద్దీలో బస్సు ప్రయాణం.

ఇక్కడ డాక్టర్లు చెప్పే మాట కూడా వినాలి. విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపల గాలి ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నట్టు ఉంటుంది. మన డ్యూయెట్ల ఊటీ అనుకోండి. కాకపోతే చలీ లేదు, పూలూ లేవు. మీ సీమ మే నెల గాలిలా నాలుక ఎండిపోయే పొడి గాలి. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అలాగని హడలిపోకండి. ఆ లెక్కనైనా అది సుమారు ఆరువేల మందిలో ఒకరికి. పైగా దోషం చవక సీటుది కాదు, కదలకపోవడానిది. ముందు క్లాసులో కదలకుండా కూర్చున్నా వస్తుంది, బస్సులో కూర్చున్నా వస్తుంది. లేచి నాలుగడుగులు వేసినవాడికి, నీళ్లు తాగినవాడికి చాలా మేలు.

ఇప్పుడు అసలు చిక్కుకొద్దాం. అన్న ప్లాను ప్రకారం అమ్మ తెరకు ఇవతల, నాయన తెరకు అవతల. తమ్ముడూ, ఒక్కసారి ఆ సీను ఊహించు. అమ్మకు అదే మొదటి విమానం. చుట్టూ ఇంగ్లీషు. ఆ సీటుకు పదిహేను బొత్తాలు. ఏ బొత్తాం నొక్కితే కుర్చీ మంచమవుతుందో, ఏది నొక్కితే మనిషి వస్తుందో తెలీదు. అడగడానికి మొహమాటం. నాయన తిన్నాడో లేదో తెలీదు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గుర్తుచేసే మనిషి ముప్పై వరసల వెనకున్నాడు. అంత ఖరీదైన పడకమీద ఆమె పదహారు గంటలూ నిటారుగా కూర్చుని, ఆ తెరవైపే చూస్తూ డల్లాసు చేరుతుంది. అలాంటి వృద్ధులకు పక్కనున్న తోడు, కిందున్న పరుపుకంటే పెద్ద సుఖం.

మరేం చేయాలి? నేలకూ బాల్కనీకీ మధ్య కుర్చీ క్లాసు ఉండేది కదా, విమానంలోనూ ఉంది! ప్రీమియం ఎకానమీ అంటారు. 1992 ప్రాంతంలో తైవాన్ వారి ఈవా ఎయిర్, ఇంగ్లాండు వారి వర్జిన్ కంపెనీలు మొదలుపెట్టాయి. ఇప్పుడు చాలా కంపెనీల్లో ఉంది. పడక కాదు గానీ, వరసల మధ్య ఎడం 38 అంగుళాల దాకా ఉంటుంది. కుర్చీ ఎక్కువ వాలుతుంది, కాళ్లకు ఆనింపు ఉంటుంది. లెక్క చూడు. మామూలు టిక్కెట్టు ఒక రూపాయి అనుకుంటే, బిజినెస్ క్లాసు సాధారణంగా మూడు నాలుగు రూపాయలు. ప్రీమియం ఎకానమీ ఒకటిన్నర నుంచి రెండు. అమ్మకు బిజినెస్, నాయనకు మామూలు క్లాసు కొంటే నాలుగైదు రూపాయలు. ఇద్దరికీ పక్కపక్కనే ప్రీమియం కొంటే మూడు, నాలుగు! డబ్బూ మిగిలింది, తోడూ మిగిలింది.

అన్న జేబు ఇంకొంచెం సాగితే, ఇంకో దారి. హైదరాబాదు నుంచి దుబాయికి నాలుగు గంటలే. అక్కడిదాకా ఇద్దరూ మామూలుగా కూర్చుని, పదహారు గంటల ముక్కకు మాత్రం ఇద్దరికీ బిజినెస్ దొరుకుతుందేమో అడగమను. కొన్ని కంపెనీలు అలా కలిపి ఇస్తాయి. బయలుదేరే ముందు మిగిలిపోయిన ముందు సీట్లను తక్కువకు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. కానీ ఒక్క ప్రశ్న వేయకుండా డబ్బు కట్టొద్దను. “సీటు పూర్తిగా పడకవుతుందా, వాలు బల్లలా జారుతుందా?” బిజినెస్ అని పేరున్న ప్రతి సీటూ మంచం కాదు. కొత్త పోస్టరు వేసిన ప్రతి బొమ్మా కొత్తది కానట్టే!

ఏ క్లాసైనా పైసా ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. టిక్కెట్టు కొన్నప్పుడే అమ్మకు చక్రాల కుర్చీ కావాలని రాయించు. నడవలేనివారికి అది ఏ క్లాసువాళ్లకైనా ఇస్తారు. దుబాయిలో విమానం మారేటప్పుడు దారి వెతుక్కునే బెడద కూడా తప్పుతుంది. నడవా పక్క సీటు అడుగు, కిటికీ మోజు పిల్లలకు. శాకాహారమైతే ముందురోజుకల్లా చెప్పాలి. షుగరు మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వద్దు. గంటకూ గంటన్నరకూ లేచి నడవమని నాయనకు అప్పగించు. అన్నిటికంటే ముందు, ఆ మోకాళ్లతో, ఆ షుగరుతో అంత దూరం వెళ్లొచ్చా అని మీ డాక్టరును అడుగు. ఆయన ‘పడుకునే వెళ్లాలి’ అంటే ఈ లెక్కలన్నీ చించి పారేయి. అప్పుడది దర్జా కాదు, మందు. మందుకు బేరం ఉండదు.

అప్పు చేసి మాత్రం కొనొద్దు. మనవరాలి పుట్టినరోజు కేకు తింటూ, ఈ టిక్కెట్టు వడ్డీ ఎంతైందో అని అమ్మ లెక్క కట్టుకుంటుంటే, ఆ పడక సుఖం ఏ మూలకు?

ఇంకో చిన్న మాట చెప్పి ముగిస్తాను. 2007లో అమెరికా మన దేశపు మామిడికి మళ్లీ తలుపు తీసింది. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ ఊరి పేరు పెట్టుకున్న ఆ పండు పెట్టెలో మెత్తగా సర్దుకుని, హాయిగా పడుకుని సముద్రాలు దాటుతుంది. పండు పడుకుని వెళుతోంది, పండుముసలి కూర్చుని వెళుతోంది! ఇది కాస్త సరిచేయాలనుకున్న మీ అన్న మనసు బంగారం. ఆ మాట అతనికి నా తరఫున చెప్పు. ఇది చదువుతున్న కుర్రకారుకూ చెబుతున్నాను. రేపు ఉద్యోగాలొచ్చి ముందు సీటు కొనే రోజు వస్తే, అందులో మీ ఫోటో తర్వాత తీయించుకోవచ్చు, ముందు పెద్దవాళ్ల నడుం వాల్చండి. కొనేదేదో రెండు టిక్కెట్లు పక్కపక్కనే కొనండి.

వచ్చే వారం మళ్లీ తారల పెళ్లిళ్ల ప్రశ్నలకు జవాబులు. ఏం చేస్తాం, తప్పదు!