మూత వేరు, ముసుగు వేరు

పాత మరపడవల జీర్ణోద్ధరణ చేసేవారిలో ఒక దురాచారం ప్రబలి ఉంది. పడవను చట్రం దాకా విప్పుతారు. కుళ్ళిన పలకను తీసి కొత్త పలక వేస్తారు. పదిపన్నెండు పూతల వార్నిషు పూసి, అద్దంలో చూసుకున్నట్టు ముఖం చూసుకోగలిగేదాకా నునుపు చేస్తారు. ఇంజనును గుల్లగుల్లగా విప్పి, తిరిగి కూర్చి, రంగు వేసి యథాస్థానంలో దింపుతారు. ఆ తరువాత దానిమీద ఎవరూ సులభంగా ఎత్తలేని మూత ఒకటి బిగించి, పని ముగిసిందంటారు. నా దృష్టిలో ఆ పని ముగియలేదు, చెడింది. ఒంటిమనిషి, పనిముట్టు లేకుండా, నీటిమీద ఊగుతున్న పడవలో నిలబడి తెరవలేని ఇంజను మూత మూత కాదు, ముసుగు.

ఇంత చిన్న విషయానికి ఇంత ఆవేశమెందుకని చదువరులు నవ్వవచ్చు. కానీ పడవలో ఇంజను మూత చిన్న విషయం కాదు. కారు ఆగిపోతే బాట పక్కన నిలబడవచ్చు. పడవ ఆగిపోతే నిలబడడానికి నేల ఉండదు, గాలి ఎటు తోస్తే అటు పోవడమే. అప్పుడు ఆ మూత ఎన్ని క్షణాల్లో తెరుచుకుంటుందన్నదే ప్రశ్న. పదహారు మరలతో బిగించిన ఇంజను పెట్టెను నేనొకచోట చూశాను. మరల తలలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయని చూసినవారంతా మెచ్చుకున్నారు. ఆ మరలను విప్పే స్క్రూడ్రైవరు పడవలో ఉందా అని ఒక్కరూ అడగలేదు.

ఇక వాదంలోకి వస్తాను. నా మాటకు ఎదురుగా వినవచ్చే పూర్వపక్షాలు మూడు.

మొదటిది ప్రామాణికతావాదం. "పాత పడవను పాత పడవలాగే ఉంచాలి, నీ సౌకర్యం కోసం దాని రూపం మార్చరాదు" అంటారు. సూత్రంగా ఇది నాకూ సమ్మతమే. కానీ ఈ మాట అనేవారు పాత పడవను నిజంగా చూశారా అని నా సందేహం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు అల్గోనాక్‌లో క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ కుటుంబం కట్టిన క్రిస్-క్రాఫ్ట్ పడవలనే తీసుకుందాం. 1920లలో, 30లలో వచ్చిన వారి మహాగని రనబౌట్లలో ముందు ఆసనాల వరుసలు, నడుమ ఇంజను, దాని వెనుక మరొక వరుస ఉండేవి. ఇంజను మీద పడవ పైకప్పులోనే రెండు రెక్కల తలుపులు ఉండేవి. ఆ రెక్కలు ఎత్తితే ఇంజను ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపించేది. ఆసనాల మధ్య ఖాళీ విశాలంగా ఉన్న యుటిలిటీ పడవల్లో ఇంజనుకు నడుమ విడిగా ఒక పెట్టె ఉండేది. దానిని ఎత్తి పక్కన పెడితే చుట్టూ తిరిగి పని చేసుకోవచ్చు. ఆ కాలపు ఇంజనుకు తరచుగా సేవ చేయవలసి ఉండేది. నూనె చూడాలి, ప్లగ్గులు తుడవాలి, కార్బురేటరు సరిచేయాలి, గ్రీజు కప్పులు తిప్పాలి. కట్టినవారికి ఆ సంగతి తెలుసు. కాబట్టే చేతికి దారి విడిచిపెట్టారు.

మరి ముసుగు ఎక్కడి నుంచి వచ్చింది? తరువాతి కాలంలో ఇంజను వెనక్కి జరిగి, దానిమీద ఎండ కాచుకునే పరుపులు పరిచే ఫ్యాషను వచ్చింది. ఇటలీలోని రీవా వారి ఆక్వారామా 1962 నుంచి ఆ పరుపును ఒక వైభవ చిహ్నంగా నిలబెట్టింది. దానిని చూసి వాత పెట్టుకున్న చవక ఫైబర్‌గ్లాస్ పడవల్లో పరుపు మిగిలింది, కింద ఇంజను ఉన్నదన్న స్పృహ పోయింది. పాత మహాగని పడవకు ఎత్తరాని మూత బిగించి దానికి ప్రామాణికత అని పేరు పెట్టేవారు పూర్వుల సంప్రదాయాన్ని కాపాడడం లేదు, తరువాత వచ్చిన ఫ్యాషనును పూర్వుల నెత్తిన రుద్దుతున్నారు.

ఒకవేళ అసలు మూతే అసౌకర్యంగా ఉంటే? అప్పుడేం చేయాలో కూడా పెద్దలు ఆలోచించి పెట్టారు. కట్టడాల పరిరక్షణకు 1964లో వెలువడిన వెనిస్ ఒడంబడిక పాతదానిని గౌరవించమంది. కొత్తగా చేర్చక తప్పని భాగం పాతదానితో పొసగాలనీ, అయినా ఇది కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలనీ అంది. ఆ స్ఫూర్తినే నడుస్తున్న పాత పడవలకు అన్వయిస్తూ ఐరోపావారు బార్సిలోనా ఒడంబడిక రాసుకున్నారు. కాబట్టి మార్గం సులభం. అసలు మూతను కోయవద్దు, పారేయవద్దు. విప్పి, చీటీ కట్టి, ఇంట్లో భద్రపరచండి. నీటిమీదికి వెళ్ళే పడవకు అదే కొలతలో, అదే కర్రతో, తెరుచుకునే కొత్త మూత చేయించండి. పాతదానికున్న రంధ్రాల్లోనే కొత్తది కూర్చోవాలి. రేపు ఎవరైనా తిరిగి పాతది పెట్టుకోదలిస్తే గంటలో పెట్టుకోగలగాలి.

రెండవది సౌందర్యవాదం. "కీలు కనబడితే అందం చెడుతుంది, పిడి కనబడితే గీత తెగుతుంది" అంటారు. పడవకు పిడి, కీలు, గొళ్ళెం అవమానాలు కావు. నడిచే వస్తువు అందం దాని నడకలో ఉంది. ఎద్దుబండి చక్రానికి ఎన్ని నగిషీలైనా చెక్కవచ్చు, కానీ ఇరుసు దగ్గరకు కందెన పట్టే చేయి వెళ్ళే సందు మూసివేసిన వడ్రంగిని ఊళ్ళో ఎవరూ మెచ్చుకోరు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. చేయి దూరని చోటికి శ్రద్ధ కూడా దూరదు. నూనె చూడడానికి రెండు నిమిషాలు పడితే యజమాని ప్రతిసారీ చూస్తాడు. అరగంట పడితే నెలకొకసారి చూస్తాడు. ఇద్దరు మనుషులు కావాలంటే అసలు చూడడు. ఇది సోమరితనం కాదు, మానవ స్వభావం. మానవ స్వభావాన్ని లెక్కలోకి తీసుకోని రూపకల్పన అసలు రూపకల్పనే కాదు.

మూడవది శబ్దవాదం. "మూత దిట్టంగా, బరువుగా, బిగుతుగా ఉంటేనే మోత తగ్గుతుంది" అంటారు. ఇందులో సగం నిజం ఉంది. మోతను ఆపేవి బరువు, సందు లేకపోవడం. కానీ బిగుతుకు మరలే అక్కరలేదు. అంచు చుట్టూ మెత్తని రబ్బరు పట్టీ పెట్టి, దానిని నొక్కిపట్టే మీట గొళ్ళేలు రెండు పెడితే సందు మూసుకుంటుంది. బరువైన మూతను ఒక్క ముక్కగా చేయమని కూడా ఎవరూ శాసించలేదు. పైగా ఇంజనుకు ఊపిరి కావాలన్న సంగతి ఈ వాదులు మరచిపోతారు. 5 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగితే, లెక్క ప్రకారం నిమిషానికి 10,000 లీటర్ల గాలి పీల్చాలి. వాస్తవంలో కొంత తగ్గినా అది ఒక చిన్న గదిలోని గాలికి సమానం. ఆ గాలి రావడానికి లోపల మెత్త పరిచిన, ఒకటి రెండు వంపులు తిరిగే గొట్టం పెడితే గాలి వస్తుంది, మోత బయటికి పోదు. ఊపిరి బిగబట్టి శబ్దం తగ్గించడం వైద్యం కాదు.

ఈ మూడు వాదాలకూ పైన ఉన్నది ప్రాణాల సంగతి. పాత పడవలు ఎక్కువగా పెట్రోలు ఇంజన్లవి. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారిన చుక్క ఆవిరై పైకి పోదు, పడవ అడుగుకు జారి అక్కడే కూర్చుంటుంది. గాలిలో అది నూటికి ఒకటిన్నర పాళ్ళయినా కాకముందే ఒక్క నిప్పురవ్వకు పేలగల మిశ్రమమవుతుంది. అమెరికాలో 1940 ఏప్రిల్ 25 తరువాత బిగించిన పడవలోపలి పెట్రోలు ఇంజన్లకు కార్బురేటరు మీద మంటను అడ్డుకునే జాలీ ఉండి తీరాలన్నారు. 1980 జూలై 31 తరువాత కట్టిన పెట్రోలు పడవల్లో ఇంజను గది గాలిని బయటికి తోసే పంకా తప్పనిసరి చేశారు. ఇంజను తిప్పేముందు ఆ పంకాను 4 నిమిషాలు నడిపి, ఆవిరి ఉన్నదేమో లోపల చూడమని పడవ మీదే రాసిపెట్టమన్నారు. లోపల చూడమన్న మాటను మరొక్కసారి చదవండి. మూత తెరవకుండా లోపల చూడడం ఎలా? వాసనను మించిన పరీక్ష ఇంకా రాలేదు. ముక్కు అడ్డుగోడ దాటి పోలేదు కదా!

1980కి ముందటి పడవకు పంకా నిబంధన వర్తించదని కొందరు సంతోషిస్తారు. చట్టం పాత పడవను మినహాయించింది. పెట్రోలు ఆవిరి మినహాయించలేదు.

విమర్శించి ఊరుకుంటే అది పని కాదు. కాబట్టి మూత ఎలా ఉండాలో కూడా చెబుతాను.

1. కర్ర కోసే ముందు అట్టముక్కలతో మూత చేసి చూడండి. నూనె కొలిచే పుల్ల, నూనె ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు, బెల్టు, ప్లగ్గులు, నీటి పంపు, ప్రొపెల్లరు ఇరుసు గ్లాండు, నీరు వచ్చే కవాటం - వీటన్నిటి పేర్లూ కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదానికి చేయి అందుతుందా అని నిజంగా చేయి పెట్టి చూడండి. చాలా ఇంజన్ల నీటి పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. నీరందకుండా తిరిగితే అది కొద్ది నిమిషాల్లో చితికిపోతుంది. దానిని నది మధ్యలో మార్చవలసి రావచ్చు.

2. మూతను మూడు అంచెలుగా ఆలోచించండి. ప్రతిరోజూ తెరిచే చిన్న తలుపు మొదటిది. ఏటేటా సేవకు పూర్తిగా తీసివేయగల పెట్టె రెండవది. ఎన్నేళ్ళకో ఇంజనును పైకి లాగవలసి వస్తే బోల్టులు విప్పి తొలగించగల అడ్డదూలాలు మూడవది. దూలాలను జిగురుతో శాశ్వతంగా అతికించినవాడు రాబోయే యజమాని చేతికి రంపం ఇచ్చినట్టే.

3. బరువు లెక్క వేయండి. ఒక అంచున కీళ్ళున్న 40 కిలోల మూతను ఎదుటి అంచు పట్టి ఎత్తాలంటే మొదట దాదాపు 20 కిలోల బలం కావాలి. పాత పడవల యజమానులు కూడా పడుచువాళ్ళేమీ కారు! గ్యాసు కడ్డీలు పెడితే మంచిదే. అయితే అవి ఏళ్ళు గడిచేకొద్దీ నీరసిస్తాయి, చలిలో మరీను. కనుక మూతను నిలబెట్టే ఇనుప ఊతకర్ర ఒకటి తప్పక ఉండాలి. వేళ్ళ మీద పడిన మూత క్షమాపణ చెప్పదు.

4. అంచు చుట్టూ నీటి కాలువ పెట్టండి. వాననీరు ఇంజను మీదికి కాక బయటికి పోవాలి. కర్ర తడికి అడ్డంగా ఉబ్బుతుంది కాబట్టి ఆ మేరకు సందు విడవండి. లేకపోతే ఎండలో తెరుచుకున్న మూత వానలో మొరాయిస్తుంది.

5. మూతకు ఒక చిన్న గుండ్రని రంధ్రం, దానికి నెట్టితే ఊడే బిరడా పెట్టండి. లోపల మంట పుడితే మూత ఎత్తరాదు, ఎత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. ఆ రంధ్రంలోంచి మంటలార్పే సాధనం నోరు పెట్టి వదలాలి. నేను ఎంత గట్టిగా తెరవమంటున్నానో, ఈ ఒక్క వేళ అంత గట్టిగా తెరవవద్దంటాను. మంచి మూతకు తెరుచుకోవడమూ తెలియాలి, తెరవకుండానే లోపలికి దారి ఇవ్వడమూ తెలియాలి.

వీటిలో ఏదీ మహా ఖర్చుతో కూడినది కాదు. వార్నిషుకు పెట్టే ఓపికలో పదోవంతు చాలు. అయినా చేయరు. ఎందుకంటే వార్నిషు ఒడ్డున నిలబడి చూసేవారికి కనిపిస్తుంది, మూత కిందికి దారి పడవలో ఉన్నవాడికి మాత్రమే తెలుస్తుంది. మన మెప్పుల లెక్క అంతా ఒడ్డు మీది నుంచే జరుగుతోంది. పడవకు ముస్తాబు చేసేవాడొకడు, దాని కింద తలదూర్చి చేతులు కాల్చుకునే మెకానిక్కు మరొకడు అయినంతకాలం ఈ అన్యాయం తప్పదు. అందుకే నాదొక ప్రతిపాదన. మూత గీసినవాడే మొదటి ఏడాది ఆ ఇంజనుకు సేవ చేయాలి. ఫిల్టరు మార్చాలి, గ్లాండు బిగించాలి, చీకట్లో దీపం నోట కరుచుకుని బెల్టు ఎక్కించాలి. రెండో ఏడాదికి ఆ మూత దానంతట అదే మారిపోతుంది.

మన గోదావరి మీద మరపడవను లాంచీ అంటారు, దానిని నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఒడ్డున ఉన్నవాడికి లాంచీ రంగు కనిపిస్తుంది. సరంగుకు ఇంజను చప్పుడు వినిపిస్తుంది. జీర్ణోద్ధరణ ఎవరి పక్షాన నిలబడాలన్నదే ఇక్కడి వాదమంతా. నేను సరంగు పక్షం.