కాయిలు జాతకం

ఆమధ్య వేసవి సెలవుల్లో అమెరికా వెళ్ళి, ఒహాయో రాష్ట్రంలో మా మేనల్లుడింట్లో నెల్లాళ్ళున్నాను. వాడు ఊరికి దూరంగా నాలుగెకరాలు కొని గడ్డి పెంచుతున్నాడు. పొరుగున వున్న ముసలి రైతు తన ట్రాక్టరు వాడుకోమని ఇచ్చాడు. 1951 నాటి ఫోర్డ్ 8ఎన్. 1947 నుంచి 1952 దాకా అయిదు లక్షలకు పైగా తయారైన రకం. ఆయన తండ్రి కొత్తగా వున్నప్పుడు కొన్నదట.

మన ఊళ్ళల్లో ట్రాక్టరంటే డీజిలే. దానికి నిప్పురవ్వతో పనిలేదు. అదిమిన గాలి వేడికే నూనె అంటుకుంటుంది. ఈ 8ఎన్ పెట్రోలు బండి. బాటరీ కరెంటు కాయిల్లో పారుతూ వుండగా, పాయింట్లనే చిన్న తలుపు చటుక్కున తెరుచుకుని దాన్ని తెంపుతుంది. తెగిన క్షణాన కాయిల్లో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు దగ్గర రవ్వ పడుతుంది. ఆ పాయింట్లు అరుగుతాయి, మాడుతాయి. వాటికి బదులు అయస్కాంతపు చుట్టుతో పనిచేసే ఎలక్ట్రానిక్ మాడ్యూలు దొరుకుతుంది.

మావాడు అది పెట్టేశాడు. సొంతదారుని అడక్కుండానే!

"తెలిస్తే సంతోషిస్తాడులే, మావయ్యా" అన్నాడు. ఎరువు సొమ్ము బరువు చేటని మా అక్కయ్య వీడికి చెప్పలేదు కాబోలు.

రెండు రోజులు బండి లక్షణంగా నడిచింది. మూడోనాడు, కోసి ఎండబెట్టిన గడ్డి వరసలు లాగుతూ వుండగా, చేను మధ్యన ఆగిపోయింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. కాయిలు మీద చెయ్యి వేశాను. దోసె పెనమే!

"సరుకు నాసిరకం" అన్నాడు మావాడు.

ఆ సాయంత్రం ఇద్దరం వెళ్ళి నిజం చెప్పాం. ఇంటికి పెద్దవాణ్ణి గనక క్షమాపణ నా వంతుకొచ్చింది. తెలుగు ఎమ్మే అక్కడ ఎందుకూ కొరగాలేదు. ఆయన మౌనంగా విని, "ఏ వైరు తీశావు?" అని మాత్రం అడిగాడు.

అసలు సంగతి అక్కడుంది. ఈ బండి ఫాక్టరీనుంచి 6 వోల్టులతో వచ్చింది. చాలా ఏళ్ళ క్రితం ఆయనే 12కి మార్చాడు గాని, కాయిలు పాతదే వుంచి, దాని ముందు ఒక రెసిస్టరు తగిలించాడు. మాడ్యూలుకి పూర్తి 12 వోల్టులు కావాలని చదివి, మావాడు ఆ రెసిస్టరు పీకి పారేశాడు!

ముసలాయన మీటరు తెచ్చాడు. ముందు దాని రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించి చూశాడు. మీటరు తీగెలకీ కొంచెం అడ్డు వుంటుంది, అది తీసెయ్యాలన్నమాట. తరవాత కాయిలు వైర్లు విప్పి కొలిచాడు. ఒకటిన్నర ఓము. బానెట్టు మీది దుమ్ములో వేలితో లెక్క వేశాడు: 12ని ఒకటిన్నరతో భాగిస్తే 8 ఆంపియర్లు. రెసిస్టరు కూడా ఒకటిన్నర గనక, అది వున్నప్పుడు 4. అంటే కరెంటు రెట్టింపై మాడ్యూలుని మాడ్చింది. కాయిలూ మంచిదే, మాడ్యూలూ మంచిదే. జాతకాలే చూడలేదు.

మార్గాలు రెండన్నాడాయన. రెసిస్టరు మళ్ళీ కాయిలు ముందు పెట్టి, మాడ్యూలు ఎర్ర వైరుని మాత్రం రెసిస్టరుకి ఇవతల, తాళంచెవి వైపు కలపడం ఒకటి. మూడు ఓముల కాయిలు కొని రెసిస్టరు మానడం రెండోది. కాయిలు మీద 12 వోల్టులని వుంటే చాలదు. రెసిస్టరుతో వాడాలని కింద చిన్న అక్షరాల్లో రాసి వున్నవీ వుంటాయి. కొలిచి తీరాలి. ఇంజను ఆగాక తాళంచెవి తిప్పి వుంచినా మాడ్యూలు మాడవచ్చునట.

ఆ రాత్రి వాన కురిసింది. గడ్డి నల్లబడింది.

వారం పోయాక కొత్త మాడ్యూలూ, మూడు ఓముల కాయిలూ బిగించారు. మీట నొక్కగానే ఇంజను అందుకుంది. ముసలాయన తల పక్కకి వాల్చి కాస్సేపు విని, "పాత పాయింట్లేవి?" అన్నాడు. మావాడు ఇంట్లోంచి కవరు తెచ్చాడు. చెత్తడబ్బా వెదికి రెసిస్టరు కూడా తెచ్చాడు.

"పొలంలో ఆగిపోతే ఇవి ఇల్లు చేరుస్తాయి" అంటూ రెంటినీ పనిముట్ల పెట్టెలో పెట్టాడాయన. "ఈసారి ముందు చెప్పు" అని మూత వేశాడు.