చీకటిని కూడా లెక్కపెట్టాలి

అడవిలో డబ్బా వెతకడం కూడా ఒక చదువేనా? చదువేనంటాను నేను. అయితే ఒక షరతు ఉంది.

ఈ ఆట పేరు జియోకాషింగ్. జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలలో మామూలు ప్రజలకు అందేవాటికి అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత దోషం కలిపేది. 2000 మే 2న దానిని తీసివేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా తప్పుతూ వచ్చిన స్థానం ఇరవై మీటర్ల లోపుకు వచ్చింది. మరునాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో చెట్ల మధ్య ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. ఆటకు అదే నాంది.

ఇందులో నాకు నచ్చేది పొడుపుకథ రకం. డబ్బా దాచినవారు అంకెలను తిన్నగా చెప్పరు, ముడి వేసి ఇస్తారు. ఆ ముడిని దీపస్తంభాలతోనూ వేయవచ్చు. సముద్రమే లేని అడవి పార్కులో దీపస్తంభాలేమిటంటారా? ప్రతి దీపస్తంభానికీ తనదైన మెరుపుల లెక్క ఉంటుంది. నావికుడు దానినిబట్టే అది ఏ దీపమో గుర్తుపడతాడు. ఇంగ్లండులోని ఎడ్డీస్టోన్ దీపం పది సెకన్లకు రెండుసార్లు మెరుస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఉన్న మైనట్స్ లెడ్జ్ దీపం ఒకటి, నాలుగు, మూడు చొప్పున మెరుస్తుంది. ఈ వరుస 45 సెకన్లకొకసారి మళ్ళీ వస్తుంది. అంకె రాయవలసినచోట దీపం పేరు రాస్తే చాలు, పొడుపుకథ తయారు!

"45 డిగ్రీల 34 నిమిషాలు, దశాంశ బిందువు తరువాత మైనట్స్ లెడ్జ్" అని అక్షాంశం ఇచ్చారనుకోండి. జవాబు 34.143 నిమిషాలు. కాని మెరుపులు ఆగకుండా తిరిగి వస్తుంటాయి కదా! నాలుగుతో మొదలుపెట్టినవాడు 34.431 అని రాసుకుంటాడు. తేడా 0.288 నిమిషం. అక్షాంశంలో ఒక నిమిషమంటే సుమారు 1852 మీటర్లు. అంటే వాడు 533 మీటర్లు ఉత్తరాన, ఏ సంబంధమూ లేని చెట్టు కింద వెతుకుతుంటాడు. మరి వరుస ఎక్కడ మొదలవుతుందో తెలిసేదెలా? మూడు మెరుపుల తరువాత చీకటి ఎక్కువసేపు ఉంటుంది. దానిని కొలవనివాడికి మెరుపులు ఎన్నిసార్లు చూసినా లాభం లేదు.

నా షరతు ఇదే. ముడి మీరే విప్పాలి. ముందే డబ్బా దొరికినవాడు చెవిలో అంకెలు చెబితే, ఫోను మిమ్మల్ని అక్కడికి చేర్చగలదు. గైడు చూసి జవాబు రాసి, ప్రమాణం అడిగితే తెల్లమొహం వేసే పిల్లలను నేను ఏటా చూస్తూనే ఉన్నాను.

"అన్నీ ఫోనే చెబుతుంటే ఈ లెక్కలెందుకు మాష్టారూ?" అంటారు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో, రష్యా తీరానికి దగ్గరలో, ఇరవై దాకా ఓడల జి.పి.ఎస్. పరికరాలు తాము నేలమీద ఒక విమానాశ్రయంలో ఉన్నామని చూపించాయి. ఎవరో దొంగ సంకేతాలు పంపారని నిపుణుల అనుమానం. ఓడ నీటిలోనే ఉంది కనుక ఈ తప్పు ఇట్టే తెలిసిపోయింది. అదే తప్పు అర కిలోమీటరే అయితే? తీరాన కనిపించే గుర్తులతో సరిచూసుకోవడం వచ్చినవాడికే అది బయటపడుతుంది. అడవిలోనైతే దొంగలు కూడా అక్కరలేదు. దట్టమైన ఆకులే సంకేతాన్ని బలహీనపరుస్తాయి. చివరి పది మీటర్లూ కళ్ళతోనే వెతకాలి. తవ్వకండి, డబ్బాను పూడ్చిపెట్టకూడదన్నది ఈ ఆట నియమం.

విశాఖపట్నం పిల్లలకు డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపం ఉండనే ఉంది. పెద్దవారిని వెంటబెట్టుకొని, సెకన్ల ముల్లున్న గడియారంతో ఒక సాయంత్రం బీచిలో కూర్చోండి. మెరుపులతోబాటు మధ్యనున్న చీకటినీ రాసుకోండి. అయిదు వరుసలు చూశాక సగటు కట్టండి.