నా లైసెన్సు ఇంటికి స్పేర్ టైరు కాదు

ఆ కవరు మావారి పేరు మీద వచ్చింది. కారు ఆయన పేరున ఉంది కదా, పోలీసుల ఉత్తరం ఆయనకే వస్తుంది. 30 మైళ్ళ రోడ్డు మీద మా కారు 37లో వెళ్ళిందట. అప్పుడు కారు నడిపిందెవరో 28 రోజుల్లోగా రాసి పంపాలట. తేదీ, టైము చదివి మావారు కళ్ళజోడు పైనుంచి నా వంక చూశారు. శనివారం పొద్దున్న 9:52. అమ్మాయిని కూచిపూడి క్లాసుకి దింపడానికి నేనే తీసుకెళ్ళాను. ఇంకెవరి మీదకీ నెట్టడానికి లేదు.

ఇంగ్లండు సంగతులు తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇక్కడ వేగం కొద్దిగా మీరితే వంద పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు. మూడేళ్ళలో 12 పాయింట్లు పోగైతే మామూలుగా కనీసం ఆరు నెలలు కారు ముట్టుకోవడానికి లేదు. ఇన్సూరెన్సు కూడా పెరగొచ్చు. అయితే మీరింది కొంచెమే అయి, గత మూడేళ్ళలో ఆ అవకాశం వాడుకోకుండా ఉంటే, పాయింట్ల బదులు ఒక క్లాసుకి వెళ్ళమంటారు. దాన్ని స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు అంటారు. ఫీజు మనమే కట్టుకోవాలి. నేను కట్టి, పేరు రాయించుకున్నాను.

మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ మాట చెప్పగానే ఓదార్పులు మొదలయ్యాయి. "అయ్యో, బ్యాడ్ లక్." "డబ్బులు గుంజడానికే ఆ కెమెరాలు." "37 కూడా ఒక స్పీడేనా!" ఒకావిడ మాత్రం, "పోన్లెద్దూ, నీకేగా వచ్చింది. మా ఇంట్లో అయితే ఎవరికొచ్చినా నా పేరే రాసేస్తాం" అని నవ్వు బొమ్మలు పెట్టింది. నేనూ తిరిగి నవ్వు బొమ్మే పెట్టాను. ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు క్లాసు సంగతి. పొద్దున్నే వంట ముగించి, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్లోనే చెబుతున్నారు. దాదాపు రెండుముప్పావు గంటలు. లైసెన్సు కెమెరాకి చూపించాలి, ముఖం కనబడుతూ ఉండాలి. మధ్యలో లేచి పోపు పెట్టి వస్తానంటే కుదరదు. పరీక్ష లేదు, తిట్లు లేవు. బెత్తం పట్టుకున్న మాస్టారు వస్తాడనుకుంటే, మనవళ్ళకి కథ చెప్పే తాతగారిలాంటి పెద్దాయన వచ్చారు.

ఆయన మొదటి ప్రశ్న, ఎందుకు వేగం మీరారని. ఒకతనికి ఆఫీసు మీటింగు. ఒకావిడకి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళే తొందర. నా వంతు వచ్చింది. "పాపకి డాన్సు క్లాసు ఆలస్యమవుతోంది. పైగా ఆ రోడ్డు 40 అనుకున్నాను" అన్నాను. "ఆలస్యమైతే ఏమయ్యేది?" అన్నారాయన. ఏమయ్యేది? గురువుగారు తలుపు వంక ఒకసారి చూసేవారు. మా అమ్మాయి చివరి వరసలో నిలబడేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. ఇక 40 అనుకోవడం గురించి ఆయన ఒకటే అడిగారు, ఆ రోడ్డుకి వీధి దీపాలున్నాయా అని. ఉన్నాయి. వరసగా వీధి దీపాలుండి, వేరే బోర్డు లేకపోతే ఇంగ్లండులో ఆ రోడ్డు 30 అని అర్థం. పన్నెండేళ్ళుగా ఇక్కడ కారు నడుపుతున్నాను. దీపాలు చీకటి కోసమే అనుకుంటూ వచ్చాను.

ఆ రాత్రి కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. బి.ఏ. తెలుగు చదివినదాన్నే అయినా ఈమాత్రం లెక్క నాకూ వచ్చు. ఆ 30 రోడ్డు మా దారిలో రెండు మైళ్ళుంటుంది. 30లో వెళితే నాలుగు నిమిషాలు పడుతుంది. 37లో వెళితే మూడుంబావు. అంటే నేను మిగుల్చుకున్నది 45 సెకన్లు! ఇప్పుడు అవతలి లెక్క చూడండి. వేగం ఏడు మైళ్ళే పెరిగినా, గుద్దితే తగిలే దెబ్బలోని శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం ప్రకారం 30లో వెళ్ళే కారు, బ్రేకు వెయ్యాలని మనకి తట్టిన దగ్గర్నుంచి ఆగేదాకా 23 మీటర్లు పోతుంది. అదే లెక్కన నా కారు ఇంకో తొమ్మిది మీటర్లు పోతుంది. మామూలు కారు పూర్తిగా ఆగిపోయిన చోట నా కారు ఇంకా 20 మైళ్ళకి పైగా వేగంతో ఉంటుంది. ఆ చోట ఒక పిల్లవాడు బంతి కోసం వంగి ఉంటే? ఇరవై మైళ్ళ వేగంతో నా కారు వాడిని గుద్దుతుంది. నాకు మిగిలింది 45 సెకన్లు.

కాబట్టి "డబ్బులు గుంజడానికే" అనే వదినలకి, అక్కలకి నా జవాబు ఇది. 30 రోడ్డులో 35 లోపు వేగానికి మామూలుగా ఇక్కడ ఉత్తరమే రాదు. అంత ఉదారంగా వదిలేశాక కూడా పట్టుబడ్డామంటే మనం గుమ్మడికాయల దొంగలమే, భుజాలు తడుముకోవలసిందే. ఆ డబ్బు ఇవ్వడం ఇష్టం లేని వాళ్ళకి తేలికైన ఉపాయం ఉంది. కాలు కొంచెం ఎత్తితే చాలు.

ఇక్కడితో ఆపితే ఇది మంచి బాలిక వ్యాసం అయిపోతుంది. అసలు మాట ఇంకా ఉంది.

ఆ 45 సెకన్లు నాకెందుకు కావలసి వచ్చాయి? ఆ శనివారం నేను ఆరింటికే లేచాను. ఎనిమిదిన్నరకి టిఫిను, తొమ్మిదికి అమ్మాయి జడ. తొమ్మిదింబావుకి గజ్జెలు కనబడలేదు. వెతికింది నేను, సోఫా వెనక దొరికించుకున్నదీ నేనే. తొమ్మిదిన్నరకి మావారు "ఒక్క కప్పు కాఫీ ఇచ్చి వెళ్ళిపో" అన్నారు. అబ్బాయి సాకర్ బూట్లు తడిగా ఉన్నాయని గుర్తు చేశాడు, అదీ నేను గడప దాటుతుంటే. నలుగురి ఆలస్యమూ మూటగట్టి నా చేతికిచ్చారు. ఆ మూట దించుకోవడానికి నాకు దొరికిన చోటు రోడ్డొక్కటే. మన భాషలో "నిదానమే ప్రధానం" ఉంది, "ఆలస్యం అమృతం విషం" కూడా ఉంది. మా ఇంట్లో వాటిని పంచేసుకున్నాం. మొదటిది వాళ్ళకి, రెండోది నాకు.

ఇదంతా చెప్పి నా 37ని కడిగేసుకోవడం లేదు. తొందర నలుగురిదీ కావచ్చు, యాక్సిలరేటర్ మీద కాలు మాత్రం నాదే. అది ఒప్పుకున్నాను కాబట్టే తరవాతి మాట అనే హక్కు నాకుందనుకుంటున్నాను.

నా క్లాసు అయిన రెండు నెలలకి ఇంకో కవరు వచ్చింది. ఈసారి ఒక శుక్రవారం సాయంత్రం. మావారు రెండేళ్ళ కిందటే ఆ క్లాసు చూసొచ్చారు, ఇప్పుడు మళ్ళీ ఇవ్వరు. ఆ తరవాత తెచ్చుకున్న పాయింట్లు ఆరు. ఇది కలిస్తే తొమ్మిది. భోజనాల దగ్గర మెల్లిగా మొదలుపెట్టారు.

"ఏమోయ్, ఆ శుక్రవారం కారు నువ్వేమైనా తీసుకెళ్ళావా?"

"లేదు. దోసెలు వేస్తున్నాను. మీరొచ్చి తిన్నారు కూడా."

"తీసుకెళ్ళావనుకుందాం. నీ లైసెన్సు క్లీన్ కదా. నువ్వు ఇంట్లోనే ఉంటావు, మూడు పాయింట్లుంటే నీకేం తేడా?"

ఇంట్లోనే ఉంటావు! ఆయన రోజూ రైల్లో ఆఫీసుకి వెళతారు. స్కూలుకి, డాక్టరుకి, టెస్కోకి, డాన్సుకి, ఈతకి ఆ కారు తిప్పేది నేను. నా లైసెన్సు పోతే ఇల్లే ఆగిపోతుంది. అయినా ఆయన కళ్ళకి అది అటక మీది ఇత్తడి బిందెలా కనబడింది, ఎవరి అవసరానికైనా దించుకోవచ్చన్నట్టు.

నేను కాదన్నాను. మూడో రోజుకల్లా సంగతి హైదరాబాదు చేరింది. అత్తయ్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, సంసారమన్నాక ఒకళ్ళకొకళ్ళు సాయం చేసుకోకపోతే ఎలా? ఇక్కడ చలానా వస్తే ఏదో కట్టేస్తాం, ఇంత గొడవ చెయ్యం." నిజమే, అక్కడ 2022లోనూ, మళ్ళీ 2023 చివర్లోనూ తెలంగాణలో పాత చలానాలకి డిస్కౌంటు ఇచ్చారు, పండగ చీరలకి ఇచ్చినట్టు. అదే 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. ప్రభుత్వం లెక్కల్లోనే వాళ్ళలో పదికి ఏడుగురు అతివేగం వల్ల పోయారు. "అత్తయ్యా, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటాను. అది సాయం. అబద్ధం సంతకం సాయం కాదు" అన్నాను. ఆవిడ ఫోను మామయ్యగారికి ఇచ్చేశారు.

మనవాళ్ళు దీన్ని ఇంటి సర్దుబాటు అనుకుంటున్నారు. ఈ దేశంలో ఇది న్యాయాన్ని పక్కదారి పట్టించిన నేరం, జైలుకి పంపే నేరం. క్రిస్ హ్యూన్ అని ఒక మంత్రి ఉండేవాడు. 2003లో అతని వేగానికి వచ్చిన పాయింట్లని భార్య విక్కీ ప్రైస్ తన పేరు మీద వేసుకుంది. ఆవిడేమీ చదువు లేని మనిషి కాదు, పేరున్న ఆర్థికవేత్త. తరవాత కాపురం చెడింది, నిజం బయటికి వచ్చింది. 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల శిక్ష పడింది. భర్త బలవంతం వల్ల చేశానని ఆవిడ వాదించింది. 1925 నాటి చట్టంలో భార్యలకి అలాంటి రక్షణ ఒకటి ఉండేది. జ్యూరీ ఒప్పుకోలేదు. 2014లో ఆ రక్షణనే రద్దు చేశారు.

ఈ కథ చదివి నాకు ముందు జాలి వేసింది. తరవాత ఆలోచించాను. పెళ్ళాం మొగుడి ఎదురుగా ఉంటే తన బుద్ధి తనకి ఉండదని నమ్మినవాళ్ళు రాసిన రక్షణ అది. అది పోవడమే నయం. కానీ అది పోయిందని మన వంటిళ్ళకి ఇంకా కబురు అందలేదు. "మా ఇంట్లో ఎవరికొచ్చినా నా పేరే" అని నవ్వు బొమ్మలు పెడుతున్నాం. ఉద్యోగం ఆయనది, బ్యాంకు ఖాతా ఆయనది, కారు ఆయన పేరున, తప్పు మాత్రం మన పేరునా? పైగా ఆ తొమ్మిదో పాయింటు భయం ఆయనకి తగలకపోతే ఆయన కాలు ఎప్పుడు మెత్తబడుతుంది? మనం మోసిన పాయింట్లతో ఆయన ఇంకా వేగంగా వెళతారు. అప్పుడు ఆ బంతి పిల్లవాడి లెక్కలో మనకీ వాటా ఉంటుంది.

మావారు చివరికి తన పేరే రాశారు. నాలుగు రోజులు "ఊఁ", "ఆఁ" తప్ప మాట లేదు. ఐదో రోజు కారెక్కి 30 బోర్డు కనబడగానే ఆయనంతట ఆయనే మీటరు చూసుకున్నారు. ఇప్పుడు పెళ్ళివారి ఎడ్లబండిలా నడుపుతున్నారు. ఇది ఆయనకి చదివి వినిపించాను. ఎడ్లబండి మాట తీసెయ్యమన్నారు, నేను తియ్యలేదు.

ఇంట్లోనూ ఒక మార్పు చేశాను. గజ్జెలు వెతకడం అమ్మాయి పని, కాఫీ కలుపుకోవడం ఆయన పని, బూట్లు ఆరబెట్టుకోవడం అబ్బాయి పని. పోయిన శనివారం గజ్జెలు మళ్ళీ కనబడలేదు. నేను సోఫాలో కూర్చున్నాను, లేవలేదు. క్లాసుకి పది నిమిషాలు ఆలస్యంగా చేరాం, 30 రోడ్డులో 30కి లోపే వెళ్ళి. గురువుగారు తలుపు వంక చూశారు. అమ్మాయి చివరి వరసలో నిలబడింది. ఈ శుక్రవారం రాత్రి గజ్జెలు తలుపు పక్కన ఉన్నాయి.

మీ ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి కవరు వస్తుంది. వేగం మీదైతే ఏడవకుండా మీ పేరు రాయండి. కాకపోతే పెన్ను ఆయన చేతికే ఇవ్వండి. గ్రూపులో ఆ రోజు నవ్విన నేస్తానికి ఈ మాటే ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "ఈసారి వస్తే చూద్దాంలే" అని పెట్టేసింది. ఈసారి ఆవిడ ఏం చేస్తుందో నాకు తెలియదు. నేను మాత్రం ఇంక నవ్వు బొమ్మ పెట్టను.