తలుపులు మూశారు... కదల్లేదు!

బేగంపేటలో విమానాలు దిగే రోజుల్లో సైనిక్‌పురి నుంచి తీరిగ్గా బయల్దేరేవాళ్లం. 2008 మార్చిలో శంషాబాద్‌కు మారాక ఊరంతా దాటాలి. మొన్న పండక్కి వస్తూ అమ్మాయి అక్కణ్నుంచి ఫోన్‌ చేసింది: 'తలుపులు మూశారు నాన్నా, విమానం కదలట్లేదు!'

పక్కింటి మాజీ వాయుసేన అధికారి నవ్వారు. 'మంచిదేనండీ. ఇదివరకు ఎయిర్‌లైన్స్‌, సామాన్లెక్కించేవాళ్లు, ఏటీసీ... ఎవరి గడియారం వారిదే. సిద్ధమైన విమానమల్లా వెళ్లి రన్‌వే ముందు ఇంజన్లు తిప్పుతూ వరసలో నిలబడేది. ఇప్పుడు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో అందరూ ఒకే టైము చూసుకుంటారు. వంతొచ్చేదాకా ఇంజన్‌ వేయరు. ఇంధనం మిగులుతుంది.'

ఐరోపాలో మ్యూనిక్‌ 2007లోనే అమలుచేసిన ఈ పద్ధతి పేరు ఏ-సీడీఎం. ఒక్కరు తప్పు టైము చెప్పినా అందరి లెక్కా తప్పుతుందట. మా ఇంటి పెళ్లి ప్రయాణాలు గుర్తొచ్చాయి!

'కదులుతోంది' అని మెసేజ్‌ వచ్చింది. కారు తాళాలు తీసుకున్నాను.