తట్టక్కర్లేదు, వరుసగా వెతికితే చాలు

తొమ్మిది, పది చదివే పిల్లలున్న ఇళ్లలో సాయంత్రం పూట వినబడే మాట ఒకటుంది: "అమ్మా, ఏ రెండు నంబర్లు తీసుకోవాలో తట్టట్లేదు." మా పాములపాడులోనూ అంతే, నంద్యాలలోనూ అంతే. మధ్య పదాన్ని విడగొట్టి కారణాంకాలు రాసే లెక్క అది. దానికి మనం ఇచ్చే జవాబు, "ప్రాక్టీసు చెయ్, అదే తడుతుంది."

నా పేచీ ఈ మాటతోనే. తట్టని పిల్ల "నాకు లెక్కలు రావు" అని తీర్మానించుకుంటుంది. ఆడపిల్లయితే "పోన్లే, ఇంటర్లో వేరే గ్రూపు తీసుకుందువులే" అని ఇంట్లోవాళ్లే ఆ మాటకు ముద్ర వేసేస్తారు. ఇంత పెద్ద నిర్ణయం ఒక జత తట్టలేదని జరిగిపోకూడదు.

నిజానికి ఇది వరుసగా వెతికే పని. ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ మైనస్ 36 తీసుకుందాం. గుణిస్తే మైనస్ 36, కూడితే మైనస్ 5 రావాలి. ముందు గుర్తులు చూడాలి. లబ్ధం మైనస్ కాబట్టి ఒకటి ప్లస్, ఒకటి మైనస్. మొత్తం కూడా మైనస్ కాబట్టి పెద్దదే మైనస్. ఇక తేడా 5 ఉన్న జత దొరికితే చాలు. 1 నుంచి మొదలుపెట్టి రాయించండి: 1, 36, 2, 18, 3, 12, 4, 9, 6, 6. తేడాలు 35, 16, 9, 5, 0. నాలుగో జత మనది. ఎక్స్ మైనస్ 9, ఎక్స్ ప్లస్ 4 కారణాంకాలు.

ఎక్స్ స్క్వేర్ ముందు అంకె ఉంటే, దాన్ని చివరి అంకెతో గుణించాకే జతలు వెతకాలి. 2ఎక్స్ స్క్వేర్ ప్లస్ 11ఎక్స్ ప్లస్ 12లో వెతకాల్సింది 12కు కాదు, 24కు. 8, 3 దొరుకుతాయి.

వరుసగా రాయడంలో ఇంకో లాభముంది. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5ఎక్స్ ప్లస్ 8కి ఉన్నవి 1, 8. 2, 4 మాత్రమే. మొత్తాలు 9, 6. 5 లేదు. "ఇక్కడ పూర్ణాంకాల జత లేదు" అని పిల్ల ధైర్యంగా చెప్పగలదు. తట్టడాన్ని నమ్ముకున్న పిల్లకు ఆ ధైర్యం రాదు, లోపం తనలోనే ఉందనుకుంటుంది.

పుస్తకం ఇంగ్లీషులో ఉందని మనం వెనకాడొద్దు. మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు. ఫ్యాక్టర్ అన్నా కారణాంకం అన్నా పని ఒకటే.

ఎక్కాలు వచ్చిన ఏ తల్లయినా పక్కన కూర్చుని మూడు మాటలు అడగొచ్చు. గుర్తులు చూశావా? జతలన్నీ రాశావా? తిరిగి గుణించి సరిచూశావా? "ఇది కూడా తెలీదా" అనే మాట కంటే ఈ మూడూ ఎక్కువ పని చేస్తాయి.