చప్పుడు చేసే ప్రతి కంప్యూటర్‌కూ దుమ్ము పట్టలేదు

ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటర్ వింతగా చప్పుడు చేస్తే నూటికి తొంభై మంది చెప్పే మాట ఒకటే: దుమ్ము పట్టింది, మూత తీసి బ్లోయర్‌తో ఊదిస్తే సరి. అప్పటికీ తగ్గకపోతే ఫ్యాన్‌కు ఒక చుక్క నూనె వేయమంటారు. దానికీ లొంగకపోతే సిస్టమ్ పాతబడింది, కొత్తది కొనుక్కోమంటారు. ఇళ్లలోనూ రిపేరు షాపుల్లోనూ పాతుకుపోయిన ఈ అభిప్రాయం తప్పు. దీన్ని నమ్మినందువల్లే పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, ఏళ్ల తరబడి దాచుకున్న దుకాణం లెక్కలు తిరిగి రాకుండా పోతున్నాయి.

కంప్యూటర్‌లో చప్పుడు చేయగలిగే భాగాలు చాలా తక్కువ. ఫ్యాన్లు, హార్డ్ డిస్క్, ఉంటే డీవీడీ డ్రైవ్, కరెంటును నియంత్రించే రాగి తీగ చుట్టలు, మదర్‌బోర్డు మీది చిన్న స్పీకర్. ఒక్కోదాని గొంతు ఒక్కో రకం. అయితే చప్పుడు ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నదే అసలు ఆధారం. స్విచ్ వేయగానే వస్తోందా, ఫైలు తెరిచినప్పుడా, గేమ్ ఆడుతున్నప్పుడా, చలి పొద్దుల్లో మాత్రమేనా? ఈ ప్రశ్నలు వేయకుండా బ్లోయర్ చేతపట్టడం వైద్యం అనిపించుకోదు.

అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది హార్డ్ డిస్క్‌ను. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే రకం నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. తిరిగే పళ్లెం మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తులో, సమాచారాన్ని చదివే హెడ్ తేలుతూ ఉంటుంది. ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు సన్నగా గరగరమనడం దాని సహజ స్వభావం. ఒకే లయలో టక్... టక్... టక్ అని కొట్టుకోవడం మాత్రం వేరు. హెడ్ తాను చూడాల్సిన చోటును గుర్తించలేక వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే చాలావరకు వచ్చే చప్పుడు అది. ఈ దశలో దుమ్ము ఊదించడం వల్ల ఒరిగేదేమీ లేదు. కేబినెట్‌ను అటూ ఇటూ తిప్పడం, పదేపదే ఆఫ్ చేసి ఆన్ చేయడం వల్ల ఫైళ్లు దక్కడానికి మిగిలిన కాస్త అవకాశం కూడా పోతుంది. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న చిట్కా ఇంకా ప్రచారంలో ఉంది. చల్లబడిన డిస్క్‌లో తేమ చేరి, పళ్లెం పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఆ చిట్కాను దగ్గరికి రానివ్వకూడదు.

డిస్క్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే, మళ్లీ సంపాదించలేని ఫైళ్లను ముందుగా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లు డిస్క్ తనలో తాను నమోదు చేసుకున్న ఆరోగ్య వివరాలను చూపిస్తాయి. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌ను ఇక నమ్మకూడదు. అసలు తెరుచుకోకపోతే, అందులోని సమాచారం కావాలనుకునేవారు కరెంటు తీసేసి, దుమ్ము కణం కూడా చొరబడని గదిలో డిస్క్ విప్పే డేటా రికవరీ నిపుణులకు అప్పగించాలి. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉన్న కంప్యూటర్‌లో ఈ టక్ టక్ చప్పుడు రాదు, ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే ఉండదు.

ఇక ఫ్యాన్ల సంగతి. దుమ్ముకు ఇక్కడ పాత్ర ఉన్నమాట నిజమే. హీట్‌సింక్ సందులు మూసుకుపోతే వేడి పెరుగుతుంది, ఫ్యాన్ మరింత వేగంగా తిరుగుతుంది, గాలి రొద ఎక్కువవుతుంది. ఆ రొద ఒకే తీరుగా సాగుతుంది. కటకటమని కొట్టుకుంటే చాలాసార్లు రెక్కలకు వైరేదో తగులుతోందన్నమాట. పొద్దున్నే గరగరమని, కాసేపటికి సర్దుకుంటే బేరింగ్‌లో నూనె ఎండిపోయింది. అక్కడ కొబ్బరి నూనె వేయడం పెద్ద పొరపాటు. దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే అది గడ్డకడుతుంది. ఆదిలాబాద్ చలికాలపు తెల్లవారుజామున ఆ ఫ్యాన్ కదలడానికే మొరాయిస్తుంది. సరైన నూనె కూడా కొన్నాళ్ల ఉపశమనమే, కొత్త ఫ్యాన్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బ్లోయర్ వాడక తప్పనప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. లేదంటే గాలి ధాటికి అవి తమ హద్దు మించిన వేగంతో తిరిగి, బాగున్న బేరింగ్ కూడా అరుగుతుంది.

దోషి ఎవరో తేల్చడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవికి ఆనించి, రెండో చివరను వైర్లకూ రెక్కలకూ తగలకుండా ఒక్కో భాగం దగ్గరికి తీసుకెళితే తేడా తెలిసిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, హార్డ్ డిస్క్ కరెంటు వైరు ఊడదీసి మళ్లీ ఆన్ చేయాలి. విండోస్ తెరుచుకోకపోయినా ఫర్వాలేదు, చప్పుడు ఆగిందా లేదా అన్నదే ముఖ్యం. కేబినెట్ ఫ్యాన్లనూ ఇలాగే ఒక్కొక్కటిగా విడదీసి చూడవచ్చు. ప్రాసెసర్ ఫ్యాన్‌ను మాత్రం విడదీసి కంప్యూటర్‌ను నడపకూడదు.

గేమ్ మెనూ తెరపై ఉన్నప్పుడు సన్నగా కీచుమంటే అది గ్రాఫిక్స్ కార్డులోని తీగ చుట్టల కంపనం. ఇది సాధారణంగా హాని చేయదు. సెకనుకు వచ్చే ఫ్రేమ్‌ల సంఖ్యకు పరిమితి పెడితే చాలావరకు తగ్గుతుంది. ఆన్ చేయగానే వచ్చే బీప్‌లు మదర్‌బోర్డు భాష. అవార్డ్ బయాస్ ఉన్న బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే గ్రాఫిక్స్ కార్డు సమస్య. మిగతా బోర్డులకు వాటి మాన్యువలే ప్రమాణం. ఓల్టేజీ నిలకడగా లేని ఊళ్లలో టక్కుమనేది చాలాసార్లు కంప్యూటర్ కానే కాదు, పక్కనున్న యూపీఎస్‌లోని రిలే.

చప్పుడు కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తోందని తేలితే దాని పెట్టె మూత విప్పకూడదు. 230 ఓల్టుల కరెంటు అందులో దాదాపు 325 ఓల్టుల డీసీగా మారి కెపాసిటర్లలో నిలుస్తుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు అక్కడే ఉండవచ్చు. చిటపటలతో పాటు మాడు వాసన వస్తే వెంటనే కరెంటు ఆపి, ఎస్‌ఎంపీఎస్ మొత్తాన్నీ మార్చాలి. మిగతా భాగాలు బాగుంటే అదే కంప్యూటర్ మళ్లీ పనిచేస్తుంది. కొత్త సిస్టమ్ కొనాల్సిన అవసరం అప్పుడు కూడా లేదు.